కప్ప అరుపుకు కొమ్ముదీర్ఘం

పరాంకుశానికి అక్షరం తప్పితే ఒళ్లు మండేది. పెళ్లిపత్రికలో ముహూర్తానికి దీర్ఘం ఎక్కువైతే, ఆ పెళ్లికి వెళ్లి సుష్టుగా భోంచేసి వచ్చి కూడా వారం రోజులు పెళ్లికూతురి గురించి కాక ఆ దీర్ఘం గురించే మాట్లాడేవాడు. బస్సు మీద, దుకాణం బోర్డు మీద, చివరికి మందుల షాపువాడు రాసిచ్చిన చీటీ మీద ఎక్కడ అక్షరం తడబడ్డా ఆయన జేబులోని ఎర్రకలం తనంతట తనే బయటికొచ్చేది. తండ్రి వ్యాకరణ పండితుడు. కొడుకు శబ్దశాస్త్రంలో డాక్టరేటు చేసి, సముద్రాలవతల సభల్లో ప్రసంగాలు చేసి వచ్చినా, చిన్నప్పుడు తండ్రి బెత్తం కింద పట్టుబడిన ఆ చూపు మాత్రం పోలేదు. దాన్ని ఆయన లోపం అనుకోలేదు. అదే తన గొప్ప అనుకున్నాడు.

ఈ కథలో కప్ప ఆఫ్రికాది. తప్పు మాత్రం అచ్చంగా తెలుగుది.

విజయనగరం పొలిమేరలో, మూతబడిన ఒక జనపనార మిల్లు గోదాములో పరాంకుశం ప్రయోగశాల ఉండేది. అక్కడ తయారైన యంత్రం పేరు చెవిపటం. ఆఫ్రికాలో గడ్డినేలలు పరుచుకున్న చోటల్లా కొబ్బరిచిప్పంత చెవులు భూమిలో పాతారు. ఎండతో నడిచే ఆ చెవులు తమ చుట్టూ వినపడిందంతా పట్టి ఈ గోదాముకు పంపేవి. యంత్రం ఆ రొదలోంచి కప్పల అరుపులు ఏరి, ఏ కప్ప ఏ మడుగు పక్కన ఉందో చూసి ఖండం పటం మీద రంగులు పూసేది. అరుదైన కప్ప ఉన్న చోట ఎరుపు. ఎరుపు పడిన నేలను ఎవరూ ముట్టుకోకూడదని అక్కడి దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. మనుషులు బురదలో దిగి ఏళ్ల తరబడి వెతకాల్సిన పని ఒక్క వానాకాలంలో తేలిపోతుందని అందరూ సంబరపడ్డారు.

అయితే యంత్రానికి పుట్టుకతో వినికిడి రాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఇది ఫలానా అరుపు, అది ఫలానా అరుపు అని నేర్పాలి. అందుకోసం పరాంకుశం పదకొండు మంది ఆడవాళ్లను పనిలో పెట్టుకున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు ఒక్కో తెర. "కప్పల పేర్లు మీకెందుకు? మీ చెవికి ఏం వినిపిస్తే అదే తెలుగులో రాయండి. టకటకమంటే టకటక, కిర్రుమంటే కిర్రు" అని మొదటిరోజే చెప్పాడు. మిగతా ప్రయోగశాలల్లో అంకెలు వేసుకుంటుంటే ఇక్కడ మాటలతో పని నడిచింది. చప్పుళ్లకు ఇన్ని మాటలున్న భాష చేతిలో ఉండగా అంకెలెందుకని ఆయన వాదన. వాదన బాగానే ఉంది, దానివల్లే ఆయనకు పేరు కూడా వచ్చింది.

ఆ పదకొండు మందిలో పెద్దది పైడమ్మ. అప్పటికి నలభై ఆరేళ్లు. మిల్లు నడిచిన రోజుల్లో ఇరవై రెండేళ్లు మగ్గాల మధ్య పనిచేసింది. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కానీ వంద మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే ఎన్నోదాని బెల్టు తెగబోతోందో అటు తిరిగి చూడకుండానే చెప్పేదని తోటివాళ్లు అనేవారు.

అందరికీ ఇష్టమైన కప్ప ఒకటుండేది. దాని బొమ్మ గోడకు అంటించుకున్నారు. రెండంగుళాలు కూడా ఉండదు. ఎండుగడ్డి రంగు ఒంటి మీద ముక్కు నుంచి నడుము దాకా నల్లటి చారలు. కంటిపాప పిల్లికి ఉన్నట్టు నిలువుగా ఉంటుంది. కప్పే గానీ గెంతడం దానికి పెద్దగా ఇష్టం ఉండదు, గడ్డిలో కాళ్లు చాపుకుంటూ గబగబా నడిచిపోతుంది, భయమేస్తే పరుగెత్తుతుంది. అందుకని వీళ్లు దానికి పరుగుకప్ప అని పేరు పెట్టారు. పడమట సెనెగల్ నుంచి తూర్పున కెన్యా దాకా, కిందికి దక్షిణాఫ్రికా దాకా, గడ్డినేల ఉంటే చాలు అది ఉంటుంది. తొలి వానలు పడ్డాక, పొద్దు వాలకముందే, నీటికి దూరంగా దుబ్బుల్లో దాక్కుని అరుపు మొదలెడుతుంది. ఒకటి అంటుంది, వెంటనే ఇంకోటి, అంతలో మడుగు చుట్టూ ఉన్నవన్నీ అందుకుంటాయి, మళ్లీ అంతలోనే అన్నీ ఆగిపోతాయి. చెంబును బోర్లా నీళ్లలో ముంచి కాస్త వంచితే బుడగ పైకి తన్నుకొచ్చి పగులుతుంది చూడండి, సరిగ్గా ఆ చప్పుడు. బుడుంగు. ఎవరూ చెప్పకుండానే పదకొండు మందీ ఆ మాటే రాశారు. అంత మామూలు కప్ప కాబట్టి పటం మీద దానికి గడ్డిపసుపు రంగు ఇచ్చారు.

మొదటి నెల ఆఖరున పరాంకుశం జాబితాలు తిరగేస్తుంటే పైడమ్మ తెర దగ్గర కళ్లు ఆగిపోయాయి. బుడుంగు, బుడుంగు, బుడుంగు, మధ్యలో బుడూంగు. కింద ఇంకో బుడూంగు. వెతికిస్తే రెండు వందల పధ్నాలుగు తేలాయి.

"పైడమ్మా, బుడుంగుకు దీర్ఘం ఎందుకు పెట్టావు?"

ఆమె హెడ్‌ఫోన్లు తీసి లేచి నిలబడింది. "అదలాగే అంటంది బాబూ."

"ఏది?"

"కప్పే బాబూ."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పరాంకుశానికి హుషారు తెచ్చింది. తరగతి గదిలో తండ్రికి వచ్చే హుషారు అది. "ఓహో. కప్పలకు దీర్ఘాలు వచ్చు, మనకే రావన్నమాట. మరి మిగతా వేల కప్పలూ హ్రస్వంలోనే అంటున్నాయేం?"

"అయ్యి వేరు బాబూ. ఇయ్యి వేరే గుంటలోయి. సివర్ని గొంతు మడుస్తాయి."

"ఇది మడవడం కాదు, కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ తేడా తెలియకపోవడం." ఆయన సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "బోర్డు మీద బుడుంగు అని వందసార్లు రాయి. మళ్లీ మరిచిపోవు."

మనవణ్ణి ఎత్తుకున్న మనిషి. పది మంది ముందు బోర్డు దగ్గరికి వెళ్లి రాసింది. పై వరుసలు రాయడానికి చెయ్యి ఎత్తితే చంక దగ్గర జాకెట్టు కుట్టు విడిపోయి ఉంది. ఎడమ చేత్తో పైట అక్కడ అదిమిపెట్టుకుని కుడిచేత్తో రాసింది. పరాంకుశం అది చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు గానీ చాలు అనలేదు. నలభయ్యో, యాభయ్యో అయ్యాక నవ్వేవాళ్లు కూడా నవ్వడం మానేశారు. ఆమె మాత్రం లెక్కపెట్టుకుంటూ వంద పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, తెర ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం ఆయన యంత్రానికి ఒక నియమం పెట్టాడు. ఎక్కడ బుడూంగు కనిపించినా బుడుంగుగా మార్చు. ఒక్క మీట నొక్కితే రెండు వందల పధ్నాలుగూ దిద్దుకుపోయాయి. అప్పటి పద్ధతి ప్రకారం, నేర్చుకోవడం అయిన శబ్దాలను చోటు కోసం చెరిపేసేవారు. ఆ నెల శబ్దాలు కూడా ఆ వారమే చెరిగిపోయాయి.

ఇంటికెళ్లి భోజనాల దగ్గర ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. ఆయన భార్య హైమవతి ఇంట్లోనే ఆడపిల్లలకు సంగీతం చెబుతుంది. మజ్జిగ పోస్తూ విని, "మీరు విన్నారా?" అంది.

"ఏమిటి?"

"ఆ కప్పని. ఆవిడ దీర్ఘం పెట్టిన కప్పని మీరు విన్నారా?"

"వినడానికేముంది, బుడుంగే."

"నా దగ్గర పిల్ల గాంధారం కాస్త ఎక్కువ పట్టుకుంటే ముందు వింటాను. తరవాతే తిడతాను" అంది హైమవతి. ఆయనకు ఆ మాట రుచించలేదు. అన్నంలో ఉప్పు తక్కువైందన్నాడు.

మర్నాటి నుంచి పైడమ్మ దీర్ఘం రాయలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. ఒక మొట్టికాయతో దారికొచ్చిందని పరాంకుశం నలుగురి దగ్గరా చెప్పుకున్నాడు.

*

రెండేళ్లు గడిచాయి. యంత్రానికి వినడం వచ్చేసింది, వినేవాళ్ల అవసరం తీరింది. పదకొండు మందికీ తలా ఒక స్వీటు ప్యాకెట్టు, గోడగడియారం ఇచ్చి పంపేశారు. చెవిపటం పేరు మోగిపోయింది. పరాంకుశానికి శాలువలు పెట్టుకోవడానికి బీరువాలో చోటు చాలలేదు.

ఇంకో రెండేళ్లకు చిలేషే ముటాలే తెర మీదికి వచ్చింది. జాంబియా ఉత్తరపు జిల్లాల్లో కప్పల మీద పనిచేసే శాస్త్రవేత్త ఆమె. ఆ దేశంలో చెవులన్నీ తన చేతులతో పాతింది. ఎప్పుడూ కులాసాగా మాట్లాడే మనిషి ఆరోజు కుశలం అడగలేదు.

"డాక్టర్, కసోంబే దాంబో గుర్తుందా మీకు?"

దాంబో అంటే అక్కడి భాషలో పల్లపు గడ్డినేల. వానల్లో నీరు నింపుకుని, ఎండల్లో మెల్లగా వదులుతుంది. దాని అంచున ఆడవాళ్లు కూరగాయలు పండిస్తారు, దాని చలవతోనే చుట్టూ బావులు బతుకుతాయి. కసోంబేలో సౌరపలకలు పరచడానికి ఒక కంపెనీ అడిగింది. చెవిపటంలో చూస్తే అక్కడంతా గడ్డిపసుపే, అన్నిచోట్లా ఉండే పరుగుకప్పే. అనుమతి వచ్చింది. కాలవ తవ్వి నీళ్లు తీసేశారు. రెండో ఎండాకాలానికి నలభై ఇళ్లవాళ్ల బావులు అడుగంటాయి. మూటలు నెత్తిన పెట్టుకుని పట్నం దారి పట్టారు. ఇదంతా పరాంకుశం ఏదో నివేదికలో చదివాడు, అయ్యో అనుకున్నాడు కూడా.

"ఆ ఊరి ముసలమ్మలు వెళ్లిపోతూ ఒక మాట అన్నారు. ఆ దాంబోలో రెండు రకాల కప్పలుండేవి, రెండింటికీ తమ దగ్గర వేరే పేర్లున్నాయి అని. నా దగ్గర అక్కడ పట్టిన మూడు కప్పలు సీసాలో ఉన్నాయి. మూడింటికీ నడిమి చార నడుము దగ్గర తెగి ఉంది. తేడా అంతే, అందుకే పట్టించుకోలేదు. నిన్న పాత కాగితాలు తీశాను." ఆమె ఒక కాగితాన్ని తెరకు దగ్గరగా పెట్టింది. "మీ మొదటి నెల జాబితా. నాకు తెలుగు చదవడం రాదు డాక్టర్. కానీ కళ్లున్నాయి. ఒక మాటకు నడుమ చిన్న తోక ఉంది, ఇంకో మాటకు పెద్ద తోక ఉంది. పెద్ద తోక వచ్చినవన్నీ కసోంబే చెవి నుంచి వచ్చినవే. రెండో నెల నుంచి ఆ పెద్ద తోక ఎక్కడా లేదు. ఎందుకు?"

పరాంకుశం తెరకు దగ్గరగా జరిగి ఆ కాగితం చూశాడు. తెలుగు ముక్క రాని మనిషి కాగితం చూసి తేడా పట్టుకుంది. పుట్టుకనుంచీ తెలుగులో మునిగి తేలినవాడు అదే కాగితంలో తప్పు మాత్రమే చూశాడు. ఇప్పుడు నిజం చెప్పేయాలి. నోరు తెరిచాడు కూడా. బయటికొచ్చింది వేరే మాట.

"అది వినే మనిషి పొరపాటు. పెద్దగా చదువుకోని ఆవిడ. అక్షరదోషాలు. మేం గమనించి సరిదిద్దాం."

చిలేషే కాగితం కిందికి దించింది. "అయితే తప్పు ఆవిడది."

"అవును" అన్నాడు పరాంకుశం.

తెర ఆరిపోయాక ఆయన పాత పట్టిక తెరిచాడు. రెండు వందల పధ్నాలుగూ ఒకే చెవివి, ఆరు వందల పదిహేడో నంబరు చెవి. అంతకు ముందు అవి ఎక్కడెక్కడివో చూడాలని ఆయనకు తోచనే లేదు. దీర్ఘాలు రాని మనిషి అన్నిచోట్లా తప్పు రాస్తుంది. కెన్యాలో రాస్తుంది, సెనెగల్‌లో రాస్తుంది. అక్షరదోషానికి ఊరు తెలియదు. పైడమ్మ దీర్ఘానికి ఊరు తెలుసు. దీర్ఘాలు దిద్దిన రోజు రెండు నిమిషాలు ఈ పట్టిక చూసి ఉంటే చాలేది. తల కొట్టేసినట్టయింది ఆయనకు. అయినా చిలేషేకు మళ్లీ ఫోను చెయ్యలేదు.

నెల తిరిగేసరికి, కసోంబే సంగతి తేల్చమని అక్కడి దేశాలు వేసిన విచారణ సంఘం నివేదిక అచ్చయింది. తక్కువ చదువుకున్న శ్రోత పి. పైడమ్మ చేసిన అక్షరదోషాల వల్ల మొదట్లో కొంత గందరగోళం ఏర్పడిందని అందులో ఒక వాక్యం ఉంది. హైమవతి దాన్ని బల్ల మీద చూసి చదివింది.

"పైడమ్మంటే ఆవిడేనా? వందసార్లు రాయించారు, ఆవిడ?"

"ఊఁ."

"పేరు కూడా వేశారే" అంది. వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద పాలు చూసుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది పరాంకుశానికి. ఆ పూట ఆవిడ పక్కన కూర్చుని అన్నం తినడానికి ముఖం చెల్లక, ఆకలి లేదని లేచిపోయాడు.

*

తొలి వానలు మొదలయ్యాక చిలేషే మళ్లీ తెర మీద కనిపించింది. కసోంబే పక్కనే ఇంకో రెండు దాంబోలున్నాయి. కంపెనీ వాటికీ కంచె వేసేసింది, లోపలికి ఎవర్నీ పోనివ్వడం లేదు. లోపల మిగిలినవి భూమిలోని చెవులు మాత్రమే. వచ్చే సోమవారం కాలవ తవ్వుతారు. తెగిన చార కప్ప అక్కడ ఒక్కటి ఉందని తేలినా పని ఆపేస్తారు.

"ముసలమ్మల మాట సంఘం వినదు. యంత్రం చెబితే వింటుంది, లేదా యంత్రానికి నేర్పిన మనిషి చెబితే వింటుంది" అంది చిలేషే.

పరాంకుశం మూడు రోజులు యంత్రంతో కుస్తీ పట్టాడు. ఆ రెండు దాంబోల నుంచి వచ్చిన అరుపులన్నీ గడియారం పెట్టి కొలిచాడు. అన్నీ ఒకే పొడుగు. అప్పుడు గానీ ఆయనకు అర్థం కాలేదు, పైడమ్మ దీర్ఘం కాలంలోది కాదు, గొంతు మలుపులోది. ఏ కప్పకా కప్ప గొంతు కాస్త తేడాగానే ఉంటుంది. వేల తేడాల్లో ఏది ఆ మలుపో యంత్రానికి చూపించాలంటే పాత అరుపు ఒక్కటైనా ఉండాలి. ఒక్కటీ లేదు. చివరికి యంత్రాన్ని ఆపి, తనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. ఇన్నేళ్లలో ఆ కప్పను ఆయన శ్రద్ధగా వినడం అదే మొదలు. బుడుంగు, బుడుంగు, బుడుంగు. ఎంతసేపు విన్నా బుడుంగే.

నాలుగో రోజు పొద్దున్న చిలేషేకు ఉత్తరం రాశాడు. నాలుగు వాక్యాలు రాయడానికి మధ్యాహ్నమైంది. శ్రోత తప్పు వినలేదు. సరిగ్గా విని, సరిగ్గా రాసింది. తప్పనుకుని దిద్దినవాణ్ని, శబ్దాలు చెరిపినవాణ్ని నేను. మీ దగ్గర అబద్ధం చెప్పినవాణ్ని కూడా నేనే.

చిలేషే నుంచి ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆవిణ్ని తీసుకురండి.

పైడమ్మ ఇల్లు మిల్లు వెనక వీధిలో. అరుగు మీద కోడలితో కూర్చుని అడ్డాకులు పుల్లలతో గుచ్చి విస్తళ్లు కుడుతోంది. ఆయన్ని చూడగానే ఒళ్లో ఆకులు జారిపోతున్నా లేచి నిలబడింది.

"కూర్చోండి పైడమ్మగారూ. మీరు కూర్చోండి."

"నువ్వనండి బాబూ. మీరంటే నాకు బయమేస్తాది."

పరాంకుశం అరుగు చివర కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చాడు. ఒక్క మాటా గుర్తు లేదు. "విదేశాల వాళ్లు వేసిన పుస్తకంలో మీ పేరు వచ్చింది" అన్నాడు ఎలాగో.

పైడమ్మ ముఖం విప్పారింది. "ఏటీ, నా పేరే? ఇంగిలీసులోనా?" కోడలి వైపు తిరిగింది. "ఇన్నావేటే? మనోడొచ్చినాక సెప్పాల. అందల్లో ఏటని రాసినారు బాబూ?"

నేల చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది ఆయనకు. ఆ సంతోషాన్ని ఆమె ముఖం మీదనుంచి తన చేత్తోనే తుడిచేయాలి. చెప్పాడు. తప్పు ఆమెదని రాశారని, అలా చెప్పింది తనేనని, ఆ తప్పు ఆమెది కాదని చెప్పాడు. కసోంబే గురించి, బావుల గురించి చెప్పాడు. తలొంచుకుని చెప్పడం వల్ల ఆమె ముఖం ఎప్పుడు ఎలా మారిందో చూడలేదు.

"ఆ గుంట ఎండిపోనాదా?" అంది చివరికి.

"ఎండిపోయింది."

"మరయ్యి?"

"లేవు."

పైడమ్మ చేతిలో సగం కుట్టిన విస్తరి పక్కన పెట్టింది. "నాను తప్పు రాసినాననే అనుకున్నాను బాబూ ఇన్నాళ్లూ. మీరు సదువుకున్నోరు గదా, సెప్పినాక ఇంకేటుంటాది" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం కోసం ఆయన చూశాడు, దొరికితే కాస్త తేలికపడేవాడు.

"రేపు పొద్దున్న వచ్చి ఒక్కసారి వినాలి. ఇంకా రెండు గుంటలున్నాయి. వాటిలో ఉందో లేదో పైవాళ్లు నమ్మేలా చెప్పగలిగింది ప్రపంచంలో మీరొక్కరే."

"దానికేటి బాబూ. ఒస్తాను" అంది పైడమ్మ.

*

మర్నాడు తొమ్మిదింటికి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గోదాములో పాత కుర్చీలన్నీ తీసేశారు. ఆయనే ఒక కుర్చీ తెచ్చి వేశాడు, హెడ్‌ఫోన్లు తన జేబురుమాలుతో తుడిచి ఇచ్చాడు. ఎదురుగా తెర మీద చిలేషే. ఆమెకు తెలుగు రాదు, పైడమ్మకు ఇంగ్లీషు రాదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి చేతులు జోడించుకున్నారు.

ముందురోజు పొద్దువాలే వేళకు ఆ రెండు దాంబోలు పంపిన అరుపులు పెట్టాడు పరాంకుశం. పైడమ్మ కళ్లు మూసుకుంది. కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఒక్కో అరుపుకూ ఒక్కో తట్టు తడుతున్నాయి. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఒకసారి వేలు గాల్లో ఆగింది. పరాంకుశం ముందుకు వంగాడు. వేలు మళ్లీ మామూలుగా తట్టింది.

"ఇంకోపాలి పెట్టండి" అంది. పెట్టాడు. అయిపోయాక ఇంకోసారి అడిగింది. మూడోసారి అయ్యేసరికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. పరీక్షలో జవాబు తెలియని పిల్లలా ఆయన వైపు బెదురుగా చూసి, హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ముందర బాగా తెలిసీది బాబూ. మీరు బోర్డు మీద రాయించిన్నాడు కూడా తెలుసు. ఆ మర్నాడూ ఇనిపించింది. దీర్గం ఇనిపించినా పొట్టిదే రాసీదాన్ని. మీరు సెప్పినారు గదా అని. రోజూ అలాగే రాసి రాసి, ఎప్పుడు పోనాదో గాని," ఆమె చెవి మీద చెయ్యి వేసుకుంది, "ఇప్పుడన్నీ ఒకలాగే ఇనిపిస్తన్నాయి."

మాట దిద్దితే చెవి కూడా దిద్దుకుపోతుందని శబ్దశాస్త్రం చదివిన పరాంకుశానికి తెలియదా? తెలుసు. యంత్రం విషయంలో తెలుసు. మనిషి విషయంలో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆయన మౌనం పైడమ్మకు మరోలా అర్థమైంది. కీబోర్డు దగ్గరికి జరుపుకుంది. "ఉందని రాయమంటారా, లేదని రాయమంటారా? మీరు సెప్పండి బాబూ. ఏది సెప్తే అదే రాస్తాను."

"ఏమంటోంది ఆవిడ?" అని తెర మీదనుంచి చిలేషే అడిగింది.

ఉందంది అంటే చాలు, సోమవారం కాలవ ఆగిపోతుంది. ఆ మాట చెప్పగలిగినవాడు ఆ గదిలో తానొక్కడే. అడ్డుపడేవాళ్లు లేరు. మళ్లీ పైడమ్మ నోట్లో తన మాట పెట్టడమే కదా, ఒకసారి పెట్టాడు. నాలుక దాకా వచ్చింది. పక్కన ఆమె కీబోర్డు మీద వేళ్లు ఆనించుకుని, ఏ అక్షరం చెబుతాడా అని ఆయన నోటి వంకే చూస్తోంది.

"ఆవిడకు తేడా తెలియడం లేదు" అన్నాడు ఇంగ్లీషులో. "ఒకప్పుడు తెలిసేది. ఈ గదిలోనే, నేనే పోగొట్టాను. ఉందో లేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఇదంతా నా పేరుతో సంఘానికి రాయండి. ఆవిడ పేరు వద్దు."

చిలేషే కలం అందుకుంది. "రాస్తాను. కానీ సోమవారం తవ్వుతారు డాక్టర్" అంది.

పరాంకుశం ముఖం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అంత పెద్దమనిషి ఏడవడం పైడమ్మ ఎప్పుడూ చూడలేదు. తెర మీది ఆవిడ ఏదో కోప్పడిందని, తన వల్లే ఆయనకు మాట వచ్చిందని అనుకుంది. గబగబా హెడ్‌ఫోన్లు అందుకుంది.

"నాను సరిగ్గా ఇన్లేదేమో బాబూ. ఆవిడికి సెప్పండి, కోప్పడొద్దని. ఇంకోపాలి పెట్టండి, ఈపాలి బాగా ఇంటాను" అని చెవులకు తగిలించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.